తొమ్మిదో చుక్క

ఉదయం ఏడున్నరకి ఆమె టీ కప్పు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. పచ్చటి పటం మీద చుక్కలు వెలిగాయి. ఏనుగుల సంరక్షణ కార్యక్రమం ఆమె చేతికొచ్చి పధ్నాలుగేళ్ళు. మెడకి జాడ చెప్పే పట్టీ కట్టిన ఎనిమిది ఏనుగులు ఎక్కడెక్కడ తిరిగాయో చూడనిదే ఆమెకి రోజు మొదలవదు. మందకి పెద్ద దిక్కయిన ఆడ ఏనుగుని ఆఫీసులో అందరూ పెద్దమ్మ అంటారు. పెద్దమ్మ వాగు దాటింది. మంచిదే, అనుకుంది. ఈ మధ్య మంచిదే అనుకోవడం తప్ప మంచిగా అనిపించడం లేదు. మత్తుమందు ఇచ్చిన చోటిని వేలితో నొక్కి చూసుకున్నట్టు ఉంటోంది.

పది గంటలకి వృద్ధాశ్రమం బండి వస్తుంది. ముప్పై మూడేళ్ళు పోస్ట్‌మాన్‌గా చేసిన నాన్న ఇక అక్కడే ఉంటాడు. ఫారం నింపి సంతకం పెట్టింది తనే. నెలకి పది రోజులు అడవిలో ఉండే మనిషి, మతిమరుపు ముదిరి వీధుల్లో తప్పిపోయే తండ్రిని ఎలా చూసుకుంటుంది? కారణం సరైనదే. సరైన కారణాలు రాయడమే ఆమె ఉద్యోగం.

నాన్నని సాగనంపడానికి పొద్దున్నే బస్సు దిగిన చెల్లెలు, ఆయన చొక్కాలు పెట్టెలో సర్దుతూ మధ్యలో వచ్చి తెర మీదకి వంగింది.

"ఇదేంటక్కా, ఒక ఏనుగు ఊరి మధ్యలోకి వచ్చేసింది! ఎవరికైనా ఫోన్ చెయ్యి!"

"ఏనుగు కాదు. నాన్న."

చెల్లెలు ముందు నవ్వింది. అక్క నవ్వకపోయేసరికి ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

"గున్నలకి కట్టే చిన్న యంత్రం ఒకటి మిగిలింది. నాన్న ఖాకీ సంచికి కుట్టాను, నెలయింది. ఆ సంచి లేకుండా గడప దాటడు కదా."

"అంటే నాన్న గదిలో లేడా? పడుకున్నాడనుకుంటున్నాను నేను!"

"నువ్వు రాకముందే గేటు తీసుకుని వెళ్ళాడు."

"వెళ్తుంటే చూసి, కూర్చుని టీ తాగుతున్నావా?"

"ఎక్కడున్నాడో తెలుస్తోంది కదే. ఆగిపోతే వెళ్ళి తెస్తాను."

"తెస్తావా! నాన్నేమన్నా పార్సిలా?" చెల్లెలి చేతిలో చొక్కా నలిగిపోయింది. "ఫారంలో ఏం రాశావో చూశాను. ‘లక్ష్యం లేని సంచారం’ అట. ఇంకా నయం, ఏనుగుల్ని తరలించేటప్పుడు రాసినట్టు పునరావాసం అని రాయలేదు."

ఆమె మొదట పునరావాసం అనే రాసి కొట్టేసింది.

"పెద్దమ్మ రోడ్డెందుకు దాటిందో నలభై పేజీలు రాశావు. నాకూ పంపావు, చదవలేక చచ్చాను. నాన్న ఎందుకు వెళ్తున్నాడో ఒక్క ముక్క రాశావా? కనీసం అడిగావా?"

"అడిగితే చెప్పగలడా?"

"పెద్దమ్మ చెప్పిందా?"

ఆ ప్రశ్న ఆమెకి తగల్లేదు. తగలాల్సిన చోటు ఒకటి ఉందని మాత్రం తెలిసింది. చెయ్యి అలవాటు కొద్దీ కదిలి మీటలు నొక్కింది: ముప్పై రోజులు, అన్ని దారులూ ఒకదాని మీద ఒకటి. ఏ ఏనుగు విషయంలోనైనా మొదట చేసే పని ఇదే. నాన్న విషయంలో చేయలేదు. రోజూ చుక్క ఎక్కడుందో చూసింది గాని, గీత చూడలేదు.

గజిబిజిగా ఉంటుందనుకుంది. ఒకే ఒక్క మందమైన గీత వచ్చింది. ఇంటి నుంచి నేరుగా పాత పోస్టాఫీసుకి, అక్కడి నుంచి ముందుకి. దారి పొడుగునా చిన్న చిన్న ముడులు, రెండేసి నిమిషాలు ఆగిన చోట్లు.

"నీళ్ళ ట్యాంకు... కంసాలి సందు... మిల్లు మేనేజరు ఇల్లు..." చెల్లెలి వేలు తెర మీద నడుస్తోంది, గొంతు సన్నబడుతోంది. "అక్కా, ఇది నాన్న ఉత్తరాలు పంచిన దారి. సెలవుల్లో నన్ను సైకిలు ముందు, నిన్ను వెనక కూర్చోబెట్టుకుని... ఆగిన ఇల్లల్లా నువ్వు లెక్కపెట్టేదానివి. పద్దెనిమిది."

పదకొండో ముడి తర్వాత గీత చిక్కుపడింది. అక్కడ కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల ప్రహరీ గోడ. ముప్పై రోజులూ చుక్క ఆ గోడ దాకా వచ్చి, అటూ ఇటూ కొట్టుకుని, ఉండలా చుట్టుకుపోయింది. మీ నాన్న తప్పిపోయాడని జనం ఫోన్ చేసేది ఎప్పుడూ అక్కడి నుంచే.

ఆ ఉండని ఆమె ఇదివరకే చూసింది. అడవికి అడ్డంగా కంచె వేసిన ఏడాది పెద్దమ్మ గీసింది అచ్చం ఇలాంటిదే. అప్పుడు రిపోర్టు చివర తను రాసిన వాక్యం గుర్తొచ్చింది: జంతువు దారి తప్పలేదు, దానికి మనం అడ్డం వచ్చాం. ఆ వాక్యానికి సభలో చప్పట్లు కొట్టారు. కంచె తీసేశారు.

ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

నాన్న గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో మడతపెట్టిన పాత కరెంటు బిల్లు. ఆమెని పోల్చుకోలేదు.

"ఏమ్మా, ఈ ఇంటివాళ్ళు ఎటు పోయారు? ఉత్తరం ఉంది. తలుపు కనబడట్లేదు."

ఇంటికి పద నాన్నా, అనబోయింది. ఇన్నాళ్ళూ అన్నది అదే మాట.

"పక్కన సందుందండీ. అటు నుంచి వెళ్ళొచ్చు," అంది. కన్నతండ్రిని అండీ అనడం ఎవరి నోటి మాటో విన్నట్టుంది.

ఏనుగుని మళ్ళించేటప్పుడు ముందు నడవకూడదు. ఖాళీ చూపించి పక్కకి తప్పుకోవాలి, తర్వాత వెనక నడవాలి. అలాగే చేసింది. గోడ చుట్టూ పది నిమిషాలు పట్టింది. అవతలి వీధిలో అడుగు పెట్టగానే నాన్న నడుం నిటారయింది. అడుగులు వాటంతటవే పడ్డాయి. నాలుగడుగుల వెనక, ఆయన భుజాన ఊగుతున్న సంచి మీద ఆమెకి తన కుట్టు కనిపించింది. ఖాకీ దారం దొరక్క తెల్ల దారంతో వేసింది. వెతకలేదు కూడా. నెల రోజులుగా ఆయన దాన్ని మోస్తూ ఊరంతా తిరిగాడు. ఎందుకో అదొక్కటే ఆమె ఓర్చుకోలేకపోయింది.

ఫోన్ మోగింది.

"అక్కా, చుక్క గోడ దాటింది!" చెల్లెలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "బండివాడు ముందే వచ్చి కూర్చున్నాడు. ఏం చెప్పమంటావు?"

నాన్న ఒక గేటు ముందు ఆగాడు. బొటనవేలు గాలిలో రెండుసార్లు కదిలింది, లేని సైకిలు బెల్లు మీద. ఆమె పెదవులు వాటంతటవే "పన్నెండు" అన్నాయి. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఇంకా ఆరిళ్ళున్నాయని చెప్పు," అంది. "రేపు మళ్ళీ పద్దెనిమిదని చెప్పి పంపెయ్."