మైకులో అడిగిన ప్రార్థన

సోమవారం పొద్దున్న సంపూర్ణమ్మ పాలు కాస్తుంటే గేటు దగ్గర దగ్గు వినిపించింది. లారీ క్లీనరు జీవరాజు. ఒకప్పుడు ఆమె భర్త యెహెజ్కేలు పక్కన, ఇప్పుడు కూతురు ఆశాజ్యోతి పక్కన కూర్చుని దేశమంతా తిరిగినవాడు. రోజూ వంటింటి గుమ్మం దాకా వచ్చి టీ అడిగే మనిషి ఇవాళ లోపలికి అడుగు పెట్టలేదు. టైరు కింద పెట్టే చెక్క దిమ్మని అరుగు మీద పెట్టి తల దించుకున్నాడు.

"నేను రాలేనమ్మా. ఇంకెవరినైనా చూసుకో."

"అదేంటి బాబాయ్? చెరువు దగ్గర చేపలు పట్టేశారు, ఐసు కూడా వేసేస్తున్నారు. ఇప్పుడు చెప్తే ఎలాగ?" అంది ఆశాజ్యోతి.

"నిన్న నువ్వు చర్చికి రాలేదుగా. మీ అమ్మ మైకు తీసుకుని, నువ్వు లారీ మానెయ్యాలని అందర్నీ ప్రార్థన చెయ్యమంది. నేనూ మోకాళ్ళేసి ఆమెన్ అన్నాను. ఇవాళొచ్చి నీ బండెక్కితే దేవుడికి నా మొహం ఎలా చూపించుకోను?"

మనిషి మంచివాడే. ఆ మంచితనమే ఇవాళ కొంప ముంచింది. అతను గేటు దాటగానే ఆశాజ్యోతి తల్లి వైపు తిరిగింది.

"నువ్వు నా మాట వినవు. అందుకే దేవుణ్ణి అడిగాను," అంది సంపూర్ణమ్మ, ఆ చూపు తప్పించుకుంటూ.

"దేవుణ్ణి అడగడానికి ఇంట్లో మోకాళ్ళేస్తే చాలదా అమ్మా? మైకెందుకు? పాలకొల్లులో ఇంకెవరైనా నా పక్కన కూర్చుంటారా ఇప్పుడు?"

"కూర్చోకపోతే మరీ మంచిది! మీ నాన్నని ఆ క్యాబిన్ రేకులు కోసి బయటికి తీశారే. ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు."

"నాకు మాత్రం ఆయన నాన్న కాదా? నాకొచ్చిన పని ఇది, నాకిష్టమైన పని ఇది. ఆడదానికి లారీ ఏంటని అందరూ నవ్వితే లారీ ఓనరు బంగార్రాజుగారొక్కరే నమ్మి తాళం చేతికిచ్చారు. ఇవాళ ఈ లోడు వదిలేస్తే ఇంకెవరిస్తారు?"

ఆ మాట పూర్తికాకుండానే ఫోను మోగింది. బంగార్రాజే. "బయల్దేరారా అమ్మా? క్లీనరు ఉన్నాడుగా?"

"ఉన్నాడండి. వచ్చేస్తున్నామండి."

"ఎవరే ఉన్నది?" అంది సంపూర్ణమ్మ.

"ఎవరూ లేరు. హౌరా దాకా ఒక్కదాన్నే వెళ్తాను. నీ ప్రార్థన నెరవేరాలని రాసిపెట్టి ఉంటే దారిలోనే నెరవేరుతుందిలే."

తాళాలు తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. సంపూర్ణమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. జీవరాజుకి జ్వరమొచ్చిన రోజున యెహెజ్కేలు కూడా ఇలాగే ఒక్కడే వెళ్ళాడు. కునుకు పడితే తట్టి లేపే మనిషి పక్కన లేడు. పక్కన మనిషుంటే నా మొగుడు బతికేవాడని కనబడిన వాళ్ళందరికీ చెప్పి ఏడ్చింది. ఇప్పుడు కూతురి పక్క సీటు తన నోటితోనే ఖాళీ చేసింది. దేవుడా, నేనడిగింది ఇది కాదు, నువ్వు విన్నది ఏమిటి అని గుండె బాదుకుంది.

వీధి చివర ఇంజను మొదలైంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె గ్యాసు కట్టేసి, చెక్క దిమ్మని చంకలో పెట్టుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తింది. "ఆగవే తల్లీ! ఆగు!" అని లారీ తలుపు మీద అరచేత్తో బాదింది. బండి ఆగింది. మోకాళ్ళ నొప్పులతోనే మెట్లు పట్టుకుని పైకెక్కి కూర్చుంది. బండి చెరువు వైపు కదిలింది.

రాత్రి వానకి చెరువు గట్టు మెత్తబడింది. రెండు వైపులా నీళ్ళు, లారీ పట్టేటంత దారి. అది కూడా వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాలి. బంగార్రాజు దూరం నుంచే కేకేశాడు.

"క్లీనరేడమ్మా?"

"నేనేనండి!" అని సంపూర్ణమ్మ కిందికి దిగి లారీ వెనక్కి వెళ్ళింది.

పెళ్ళయిన కొత్తలో మొగుడితో లారీలో వెళ్ళినప్పుడు జీవరాజు ఎలా అరిచేవాడో గుర్తు తెచ్చుకుని, బురదలో వెనక్కి అడుగులేస్తూ చెయ్యి ఊపింది. "రానీ... రానీ... కుడికి కొట్టు... ఆగు!" టైరు అంచుకి వచ్చి ఆగింది. మళ్ళీ చెయ్యెత్తింది. ఈసారి నేర్చుకున్న మాట బయటికి రాలేదు. ఏడాది పిల్లని వాకిట్లో నడిపించినప్పటి మాటే వచ్చింది. "రా అమ్మా... భయం లేదు. నేనున్నాను, రా."

లారీ మెల్లగా వచ్చి చేపలు తూచే కాటా పక్కన నిలిచింది. సంపూర్ణమ్మ టైరు కింద దిమ్మ పెట్టింది. ఆశాజ్యోతి దిగి వచ్చి ఆ బురద చేతులు పట్టుకుని భోరుమంది. "నువ్వు ఇంటికెళ్ళమ్మా. జీవరాజు బాబాయ్‌ని బతిమాలతాను."

"ఎవర్నీ బతిమాలకు. మైకులో అడిగింది నేను, వచ్చే ఆదివారం మైకులో దిద్దుకునేదీ నేనే. అంతదాకా నీ పక్కన కూర్చునేది నేనే," అంది సంపూర్ణమ్మ, కొంగుతో కూతురి కళ్ళు తుడుస్తూ.