పిలుపుల మేట మీదుగా మాల్దీవులకి

సఖినేటిపల్లి రేవు దాటి, గోదారి సముద్రంలో కలిసే మొగకి వెళ్లే దారిలో, ఏటి మధ్యలో ఒక ఇసుక మేట ఉందండి. పిలుపుల మేట అంటారు. చీకటి పడితే అటుగా వెళ్లేవాళ్లని పేరు పెట్టి పిలుస్తుందంట. పూర్వం పెళ్లివారి పడవ ఒకటి అక్కడ బోల్తా పడిందంట. జనం ఆ మేటెక్కి కేకలేసి, కేకలేసి... పోటొచ్చి ముంచేసేదాకా ఎవరూ పలకలేదంట.

అప్పట్నుంచీ పడవలవాళ్లది ఒకటే కట్టుబాటు — అక్కడ ఎవరు పిలిచినా పలక్కూడదు. దెయ్యం మూడుసార్లకి మించి పిలవదు. నాలుగో పిలుపొస్తేనే మనిషి.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. పగటిపూట నేనూ నవ్వుతాను.

రామలక్ష్మిగారి కూతురు సాయిదుర్గ మాల్దీవుల్లో టీచరు. తొలి కాన్పు, నెలలు నిండుతున్నాయి. "నువ్వు రాకపోతే నాకు భయంగా ఉందమ్మా" అని ఫోన్లో ఒకటే ఏడుపు. విమానమెక్కితే ఎంతసేపండీ! కానీ ఆవిడకి కంటి ఆపరేషను చేసి, లోపల గాలిబుడగ పెట్టేరు. అది కరిగేదాకా విమానం మాటెత్తొద్దన్నారు డాక్టరుగారు.

ఆవిడ తమ్ముడు గంగరాజు బోటు నడిపే సరంగు. మాల్దీవులవాళ్లు కొనుక్కున్న కొత్త చెక్కబోటు అప్పజెప్పడానికి వెళ్తున్నాడు. "కాకినాడలో కాగితాలకి ముద్రలేయించేసి, నిన్ను సముద్రం మీదే తీసుకుపోతానక్కా" అన్నాడు. ఆడమనిషి బోటెక్కడమేంటని రేవులో గొణిగినవాళ్లు గొణిగేరు. ఆవిడ ఎక్కేసేరు.

మొగ దాటాలంటే పోటు మీదే దాటాలి. ఆ పోటు కాస్తా రాత్రికి పడింది.

మేట దగ్గర లోతు తక్కువ. గంగరాజు ఇంజను తగ్గించేడు. బోటులో ఎవరూ నోరు మెదపట్లేదు.

"వదినా..."

రామలక్ష్మిగారి ఒళ్లు ఝల్లుమంది. మరిది సత్యదుర్గారావు గొంతు! సాయంత్రం రేవులో చెయ్యూపి సాగనంపిన మనిషి... ఇప్పుడు చీకట్లోంచి, మేట వైపు నుంచి పిలుస్తున్నాడు.

"పలక్కక్కా," గంగరాజు చెవిలో గుసగుసలాడేడు. "తెలిసిన గొంతుతోనే పిలుస్తాది."

"రామలక్ష్మొదినా..."

ఈసారి ఇంకా దగ్గరగా వినపడింది. ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. నరసింహస్వామీ, ఈ గండం గట్టెక్కించు తండ్రీ... అని లోపలే దణ్ణం పెట్టుకున్నారు.

"వదినా... నేనే..."

మూడు.

ఇంకొక్కసారి పిలిస్తే మనిషే. ఒక్కసారి... అందరూ ఊపిరి బిగబట్టేరు.

పిలుపు రాలేదు.

"బతికిపోయాం," అన్నాడు గంగరాజు, నుదుటి చెమట తుడుచుకుంటూ. బోటు మొగ దాటింది.

తెలతెలవారుతుంటే, ఒడ్డు ఇంకా కనపడుతుండగానే, ఫోను మోగింది. సత్యదుర్గారావు భార్య గంగాదేవి.

"అక్కగారూ, మా ఆయన్ని కూడా తీసుకెళ్లిపోయేరా ఏంటండీ? బాలింతకి పెట్టే కాయం సీసా మీరు రేవులో మర్చిపోయేరని, చిన్న పడవేసుకుని మీ వెనకే వచ్చేరు. ఇంకా ఇంటికి రాలేదండీ..."

రామలక్ష్మిగారికి కళ్లు బైర్లు కమ్మేయి. "తిప్పరా! బోటు తిప్పు!"

"నీరు తీసేసిందక్కా. ఇప్పుడు మొగలోకెళ్తే బోటు ఇసుకకి తన్నేస్తాది!"

"తన్నేస్తే తన్నేయనీ! నోరు మూసుకు కూర్చుని చంపుకున్నాన్రా వాణ్ణి. ఏ మొహం పెట్టుకుని నా కూతురికి పురుడు పోస్తాను?"

మొగ బయటే బోటుకి లంగరేసి, బోటులో ఉన్న తెప్ప దింపి, అక్కా తమ్ముడూ దాని మీద వెనక్కెళ్లేరు. దారి పొడుగునా ఆవిడ ఏడుస్తూనే ఉన్నారు.

మేట మీద, వలలు కట్టే గుంజని కావలించుకుని ఉన్నాడు సత్యదుర్గారావు. పెదాలు నీలంగా అయిపోయేయి. బతికే ఉన్నాడు! ఆవిడ పరిగెత్తుకెళ్లి అతని చేతులు పట్టుకున్నారు.

"నన్ను క్షమించు నాయనా... వినపడి కూడా పలకలేదు..."

అతను బిత్తరపోయేడు. "అదేంటొదినా! మూడో కేకకే పలికేరుగా? 'వస్తన్నా, గుంజ వదలకు' అన్నారు. ఇంక నాలుగోసారి ఎందుకు పిలుస్తాను?"

"నేనా...?"

"మీరే! పడవ తిరగబడి మేటెక్కేనా, పోటుకి పీకల్దాకా నీళ్లు. కాస్త కునుకు పడితే చాలు, కేకేసి లేపేసేరు. ఇందాక తెప్ప కనపడేదాకా మాట్లాడుతూనే ఉన్నారు..." అతని గొంతు తగ్గింది. "బోటులోంచి కాదొదినా. ఇక్కడే... నా పక్కనుంచి."

గంగరాజు గబగబా సత్యదుర్గారావుని తెప్ప మీదకి ఎక్కించేడు. గెడతో తెప్పని మేట నుంచి తోసేడు. "వెనక్కి చూడకక్కా," అన్నాడు.

రామలక్ష్మిగారు చూసేరు. ఖాళీ ఇసుక. ఆవిడ రెండు చేతులూ జోడించి, "మా వాణ్ణి కాపాడేరు... వెళ్లొస్తామండీ," అన్నారు.

"ఆయ్..." అని జవాబొచ్చింది మేట మీంచి. "పిల్ల జాగ్రత్తండీ."

అచ్చం ఆవిడ గొంతే.