వదిలేయాల్సిన పేర్లు

బ్రాండర్ బే తీర రేడియో కేంద్రం చుట్టూ ఆ ఆదివారం సాయంత్రం అయిదింటికే చీకటి పడింది. జులై నెల. ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మానియా దీవి ఉత్తరపు ఒడ్డున చలికాలం సూర్యుడు బద్ధకపు గుమస్తాలాంటివాడు, ఆలస్యంగా వస్తాడు, తొందరగా పోతాడు. గాలివాన హెచ్చరిక ఉండటంతో పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. సముద్రం మీద ఎవరూ లేని పూటే సర్వర్ల మీద చెయ్యి వెయ్యాలని అక్కడి నియమం. అందుకే గ్లెనిస్ రడక్ సెలవురోజున, ఉన్ని కోటు మీద ఇంకో కోటు వేసుకుని, సర్వర్ల గదిలో కూర్చుంది.

ఆమెకు అరవై ఒకటి. ఇరవై రెండేళ్ళుగా ఆ కేంద్రం లినక్స్ సర్వర్లన్నీ ఆమె చేతిమీదే నడుస్తున్నాయి. ఆమెకు నచ్చే మనుషుల్ని ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టాక వేళ్ళు మిగులుతాయి కూడా.

ఆ సాయంత్రం పని కొత్త ప్యాచ్ కేటలాగ్ తయారుచేయడం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఏ రకం లినక్స్‌కి ఏ ప్యాచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌కి వేసే మరమ్మతు అతుకులు, కావాలో చెప్పే పట్టిక అది. ఒక్కో సర్వర్‌నీ ఆ పట్టికతో పోల్చి చూస్తే, తనలో ఏది లేదో అది చెబుతుంది. లేనిది తెచ్చి అతికిస్తారు. అయితే కొన్ని సర్వర్లను ముట్టుకోకూడదు. వాటి పేర్లు కేటలాగ్‌లోనే విడిగా, వదిలేయాల్సిన జాబితాలో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా రేడియో-రెండు పేరు. ఆపదలో ఉన్న పడవల పిలుపు వినేది అదే. పాతది. ప్యాచ్ వేస్తే పడుకుంటుంది, మళ్ళీ లేవడానికి నలభై నిమిషాలు తీసుకుంటుంది.

ఆ నలభై నిమిషాల సంగతి ఊళ్ళో చంటిపిల్లలక్కూడా తెలుసు. రెండేళ్ళ క్రితం, అలాంటి ఒక ప్యాచ్ పూట, లాబ్‌స్టర్లు పట్టే పడవ 'బెథనీ కే' చెప్పకుండా సముద్రం మీదికి వెళ్ళింది. మునిగిపోతూ పిలిచింది. పడవలో మామా, అల్లుడూ. వాళ్ళ పిలుపు వినాల్సిన రేడియో-రెండు అప్పుడు నిద్రలో ఉంది. దాని పేరు వదిలేయాల్సిన జాబితాలోకి ఎక్కలేదు.

ఎక్కిందో లేదో చూడటానికి ఒక పద్ధతుంది. ఒకరు కాగితం మీంచి పేర్లు పైకి చదవాలి. రెండోవాళ్ళు తెరమీద ఆ పేరు వెతికి, కనబడ్డాక 'ఉంది' అనాలి. ఆ రోజు చదివింది ఆమె తోటి ఉద్యోగి, ముసలి మెర్విన్ టిడ్. 'ఉంది' అన్నది గ్లెనిస్.

మెర్విన్‌కి అప్పటికే మరుపు జబ్బు మొదలైంది. ఒక్కో పేరూ మూడుసార్లు చదివేవాడు, చదివిన సంగతి గుర్తుండక. గ్లెనిస్‌కి అతన్ని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ రోజు ఆమె తెర వైపు చూడనేలేదు. ఒళ్ళో పెట్టుకున్న గళ్ళనుడికట్టు పూరిస్తూ, అతను నోరు తెరిచినప్పుడల్లా 'ఉంది, ఉంది' అంటూ పోయింది. రేడియో-రెండు అన్నప్పుడు కూడా.

విచారణలో మాత్రం, "ఆ పేరు ఆయన చదవలేదండీ" అంది.

మెర్విన్ తల గోక్కున్నాడు. "చదవలేదేమో మరి. ఆవిడ చెబుతోందిగా" అన్నాడు.

ఉద్యోగం పోయింది. మరుసటి చలికాలానికి మనిషే పోయాడు. పోయేదాకా ఆ రెండు ప్రాణాలూ తన మెడకే కట్టుకుని తిరిగాడు. ఇప్పుడు అతని భార్య డల్సీ విచారణ మళ్ళీ తెరిపించింది. మంగళవారం ప్రమాణం చేయించి గ్లెనిస్‌ని అడుగుతారు, చదివాడా లేదా అని. నిజం తెలిసిన తల భూమ్మీద ఒక్కటే మిగిలింది. ఆ తల ఇంతకుముందు చెప్పిందే చెప్పాలని నిశ్చయించుకుంది. చచ్చినవాడికి కొత్తగా అంటుకునే మచ్చేమిటి, ఉద్యోగం పోతే నష్టం బతికున్నదానికి గానీ!

అయిదుంబావుకి ఫోన్ మోగింది. కేంద్రం మేనేజరు కోరీ పాస్కో. ముప్పై నాలుగేళ్ళవాడు. ఈ పూట పేర్లు చదవాల్సింది అతనే. ఫుట్‌బాల్ క్లబ్బులోంచి చేస్తున్నాడు.

"ఏం గ్లెనిసక్కా, బతికున్నావా, ఆ గదిలో గడ్డకట్టావా?"

"నీ బీరు గడ్డకట్టలేదా ఇంకా? ఇక్కడికొచ్చి చదవాల్సినవాడివి, ఫోన్లో చదువుతానంటావేంరా?"

"చదవడానికి గొంతు చాలదా, కాళ్ళు కూడా కావాలా? మెర్విన్ తాత కాళ్ళతో వచ్చి ఏం ఉద్ధరించాడు?"

గ్లెనిస్ పకపకా నవ్వింది. "వాడి ఊసెత్తకు. ఏ బూటు ఏ కాలిదో చెప్పడానికి వాడికి ఇంకో మనిషి కావాలి."

"సరే, కానియ్ కానియ్. తెచ్చుకున్న ఆల్చిప్పల రొట్టె చల్లారిపోతోంది నాకు."

ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టి బల్లమీద వాల్చింది. జాబితాలో ఇరవై మూడు పేర్లు, మధ్యాహ్నమే తను టైపు చేసినవి. కోరీ నోటినిండా తింటూనే మొదలుపెట్టాడు.

"గేటు-ఒకటి."

"ఉంది."

"వాతావరణం-మూడు."

"ఉంది. మింగి చదువు."

"అలలు-రెండు."

"ఉంది."

ఫోన్లో చిన్న గరగర. బయట గాలి రేకుల కప్పును పట్టి ఊపింది. సర్వర్ల ఫ్యాన్లు ఒకే శ్రుతిలో రొద పెడుతున్నాయి.

"దీపస్తంభం-ఒకటి."

"ఉంది."

"దీపస్తంభం-ఒకటి."

"ఉందన్నాగా. ఎన్నో గ్లాసురా అది?"

"దీపస్తంభం... ఒకటి."

గొంతు నెమ్మదించింది. మత్తేమో అనుకుంది గ్లెనిస్. తర్వాత పేరూ మూడుసార్లే వచ్చింది. దాని తర్వాతదీ అంతే. ఆమె విసుగ్గా ఆవలించి, తెరమీంచి చూపు తిప్పేసి, 'ఉంది... ఉంది' అంటూ పోయింది. అలా ఎన్ని పేర్లు గడిచాయో లెక్క పెట్టలేదు.

అప్పుడు వాసన వచ్చింది. యూకలిప్టస్ బిళ్ళల వాసన, తడిసిన ఉన్ని వాసన కలిసి.

కాగితం తిరగేసిన చప్పుడు. ఆ గదిలో కాగితం లేదు...

ఆమె ఫోన్ వంక చూసింది. తెర నల్లగా ఉంది. వేలు ఆనిస్తే వెలిగింది. కోరీతో మాట్లాడినది మొత్తం రెండు నిమిషాలు. ఆ కాల్ తెగిపోయి పావుగంట.

"రేడియో-రెండు" అంది గొంతు. ఫోన్లోంచి కాదు. ఆమె వీపు వెనకనుంచి, రెండో కుర్చీ ఉండే చోటునుంచి.

గ్లెనిస్ వెనక్కి తిరగలేదు.

"రేడియో-రెండు... ఏమ్మా గ్లెనిస్, ఆ రోజు నేనిది చదివానా?"

విచిత్రమేమిటంటే, ఆమెకు ముందు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. చచ్చినా వీడు మారలేదు! రెండేళ్ళు గడిచాయి, మట్టిలో కలిశాడు, అయినా అదే నస.

"చదవలేదు" అంది పళ్ళబిగువున.

"అలాగా. సరేలేమ్మా. రాసి పెట్టుకుంటాను." పెన్సిల్ గీరిన చప్పుడు. ఆ తర్వాత కాసేపు ఫ్యాన్ల రొద మాత్రమే.

"ఏమ్మా గ్లెనిస్... ఆ రోజు నేను రేడియో-రెండు చదివానా?"

"ఇప్పుడేగా చెప్పాను!"

"ఎప్పుడమ్మా?"

ఆమెకు నవ్వొచ్చింది. చెడ్డ నవ్వు. "దెయ్యానికి కూడా మరుపేనా? ఒరే మెర్విన్, నువ్వు చచ్చిపోయావు. అదన్నా గుర్తుందా?"

గది చల్లబడింది. ఎప్పుడూ ఉండే యంత్రాల చలి కాదు. నూతిలోంచి వచ్చినట్టు, కింది నుంచి... పాదాల మీంచి పాకింది.

"చచ్చిపోయానా?" గొంతు గుసగుసగా అంది. "నాకెవరూ చెప్పలేదే... డల్సీకి తెలుసా?"

గ్లెనిస్ నవ్వు గొంతులోనే ఆగింది.

కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. దగ్గరగా. ఇంకాస్త దగ్గరగా. యూకలిప్టస్ ఊపిరి ఆమె చెవి మీద తగిలింది.

"కోప్పడకమ్మా. ఒక్కసారి చెప్పు. ఆ రోజు నేను చదివానా?"

చెప్పేద్దామనుకుంది. నిజమే చెప్పేద్దాం. చదివావు, మూడుసార్లు చదివావు, నేనే చూళ్ళేదు, పో. మంగళవారం అక్కడా అదే చెబుతాను, పో. ఆమె నోరు తెరిచింది.

ఆ రోజును వెతుక్కుంది. గది గుర్తొచ్చింది. ఒళ్ళో గళ్ళనుడికట్టు గుర్తొచ్చింది, వాన గుర్తొచ్చింది. మెర్విన్ పెదాలు కదలడం కూడా కనిపించింది. ఆ పెదాల్లోంచి రావాల్సిన మాట దగ్గర... ఏమీ లేదు. మళ్ళీ వెతికింది. ఈసారి పెదాలు కూడా లేవు. మూడోసారి వెతికితే వాన ఒక్కటే మిగిలింది.

ఏ సర్వర్‌ని అడిగినా తనలో ఏది లేదో చెబుతుంది. మనిషి తలకు ఆపాటి నిజాయితీ లేదు. పోయినచోట ఏముండేదో కూడా చెప్పదు.

"నాకు... గుర్తులేదు" అంది గ్లెనిస్.

వెనక నిట్టూర్పు వినిపించింది. జాలిపడినట్టు.

ఆమె లేచి పరిగెత్తింది.

ఏడున్నరకి కోరీ వచ్చేసరికి వంటగదిలో దీపాలన్నీ వేసుకుని, చల్లారిన టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుని ఉంది.

"కాల్ తెగాక ఇరవైసార్లు చేశాను, ఒక్కసారీ కలవలేదు! ప్యాచ్‌లు మొదలుపెట్టలేదు, తలుపు బార్లా తీసి ఉంది. ఏమైంది నీకు?"

"పేర్లు చదివారు."

"ఎవరు చదివారు? నేను మూడు చదివాను, అంతే."

ఆమె చెప్పింది. కోరీ ముందు నోరు వెళ్ళబెట్టాడు, తర్వాత మూతి వంకర తిప్పాడు. "ఓహో. మెర్విన్ తాత సీటు ఖాళీగా ఉందని నువ్వెక్కుతున్నావా? చాల్లే. ఇక ఇంటిపట్టున ఉండి స్వెటర్లు అల్లుకో."

ఆమె మెర్విన్‌ని అన్న మాటలకి ఇవి అన్నదమ్ములే. గ్లెనిస్ తల దించుకుంది.

"రికార్డర్ విందాం పద" అన్నాడు కోరీ. బెథనీ కే మునిగాక విచారణవాళ్ళు సర్వర్ల గదిలో ఒక రికార్డర్ బిగించి పోయారు. పేర్లు చదవడం అంతా అందులో పడుతుంది. దాన్ని వంటగది పక్కనున్న ఆఫీసు కంప్యూటర్లో తెరిచాడు.

కోరీ చదివిన మూడు పేర్లు వచ్చాయి. గ్లెనిస్ గొంతు మూడుసార్లు 'ఉంది' అంది. గరగర. తర్వాత...

"దీపస్తంభం-ఒకటి."

అది గ్లెనిస్ గొంతు.

"దీపస్తంభం-ఒకటి... దీపస్తంభం... ఒకటి."

గ్లెనిస్సే చదువుతోంది. నెమ్మదిగా, ఒక్కో పేరూ మూడుసార్లు, వేలు పెట్టి చదివే పిల్లలా.

"ఉంది" అంది ఇంకో గొంతు.

అది మెర్విన్‌ది కాదు. కోరీది కాదు. ఆడదో మగదో తెలియదు. విసుగు నిండిన గొంతు. ఒక్కో పేరుకీ జవాబు అంతకంతకూ తొందరగా వస్తోంది, పేరు పూర్తికాకముందే. టేపులో గ్లెనిస్ రేడియో-రెండు అనబోయేసరికి, ఆమె పెదవి విప్పకముందే 'ఉంది' అనేసింది.

కోరీ ముఖంలో వెటకారం పోయింది. కేటలాగ్ తెరిచి వదిలేయాల్సిన జాబితా చూశాడు. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి.

"రేడియో-రెండు లేదు" అన్నాడు. "ఇరవై రెండే ఉన్నాయి. టైపు చేసింది నువ్వేగా?"

"చేశాననే..." అంది గ్లెనిస్. "మంగళవారం నన్ను అడుగుతార్రా. ఏం చెప్పను? మెర్విన్ చదివాడా? నీకేమన్నా చెప్పానా ఎప్పుడైనా?"

కోరీ టేపు వైపు తిరిగాడు. టేపులో కుర్చీ పడిన చప్పుడు, పరిగెత్తిన అడుగులు. ఆ తర్వాత ఖాళీ గది. ఫ్యాన్ల రొద. అతను ఆపేద్దామని చెయ్యి చాచాడు.

"ఉంది" అంది ఆ గొంతు.

నిశ్శబ్దం. సరిగ్గా ఒక పేరు చదవడానికి పట్టేంత.

"ఉంది."

మళ్ళీ అంతే నిశ్శబ్దం.

"ఉంది."

ఎవరూ చదవడం లేదు. ఇద్దరూ అలాగే విన్నారు. కోరీ వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు దాటింది... నలభై దాటింది. అరవై ఒకటి, సరిగ్గా గ్లెనిస్ వయసంత, అయ్యేసరికి అతను లెక్క మానేసి ఆమె వంక చూశాడు.

గొంతు మాత్రం ఆగలేదు.