బాలసుబ్రమణ్యం షెడ్డులో ఎర్ర లైటు

పాకాల రోడ్డులో రైలుగేటు దాటినాక ఒక కార్ల షెడ్డు ఉండాది. చీకటి పడినాక ఆడ బండికి కంప్యూటర్ పెట్టొద్దంటారు. పగలు ఏమన్నా చేసుకో — ఇంజను దించు, గేర్‌బాక్సు విప్పు, ఎవురూ ఏమీ అనరు. రేత్రి పూట ల్యాప్‌టాప్ తెరిస్తే మాత్రం... ఇంకొకరు వచ్చి సూస్తారంట.

ఆ ఇంకొకరు నా మొగుడు.

బాలసుబ్రమణ్యం అంటే ఈ పక్క టాక్సీవాళ్లందరికీ తెలుసు. షెడ్డు ఆయప్పదే. ఒక రేత్రి బండికి కంప్యూటర్ పెట్టి పని చేస్తా చేస్తానే గుండె ఆగి పోయినాడు. తెల్లారి సూస్తే, పని ముగిసిందని ల్యాప్‌టాప్‌లో పడి ఉండాది. తాళం తిప్పితే బండి లేసింది. ఆయప్ప లేయలేదు.

దెయ్యమై తిరగతా ఉండాడని జనం అంటే నాకు నవ్వొస్తాది. బతికినప్పుడే ఇంటికి రమ్మంటే రాని మనిషి... సచ్చినాక యాడ వస్తాడు? షెడ్డుకు ఎదురుగానే నాకు దోసెల అంగడి. పిండి రుబ్బల్ల, గిన్నెలు తోమల్ల. దెయ్యాల గురించి తలుసుకునేదానికి నాకు తీరిక లేదు.

ఇప్పుడు చెప్పేది సునీల్‌కుమార్ నోట విన్నది. ఆయప్ప పోయినాక షెడ్డు ఆ అబ్బోడే నడపతా ఉండాడు. వాడు చెప్పినట్టే చెప్తా.

వెంకటముని అని ఒక టాక్సీ డ్రైవరు. తిరుపతిలో ఒక లాడ్జికి కారు తిప్పతాడు. ఆ కారుకు ఈసీఎం కాలిపోయింది. ఈసీఎం అంటే బండికి మెదడు మాదిరి, ఒక చిన్న డబ్బా. కొత్త డబ్బా అయితే వచ్చింది గానీ, తాను ఏ బండిలో ఉండాదో దానికి తెలీదు, ఏ తాళానికి లేయల్లో తెలీదు. ల్యాప్‌టాప్ వైరు తగిలించి అన్నీ దానికి నేర్పల్ల. దాన్నే ప్రోగ్రామింగ్ అంటారు. నేర్పతా ఉండంగా మధ్యలో వైరు పీకితే... డబ్బా సచ్చిపోతాది. మళ్లా లేయదు.

లాడ్జి వాళ్లు వెంకటమునికి తెగేసి చెప్పినారు — తెల్లారి యాత్రికుల్ని కాణిపాకం తీసకపోవల్ల, నీ బండి రాకపోతే వేరే బండి పెట్టుకుంటాం, నువ్వు ఇంక ఈ గడప తొక్కొద్దు. పొద్దు గూకేటప్పుడు వచ్చి సునీల్ చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బా, రేత్రికే చేసి పెట్టు."

"ఈ షెడ్డులో రేత్రి కంప్యూటర్ పెట్టరు మామా. నీకు తెలీదా?"

"దెయ్యం పట్టుకుంటే వదిలించేదానికి మంత్రగాళ్లుండారు. లాడ్జి మేనేజరు పట్టుకుంటే ఎవురుండారబ్బా?"

సునీల్ సరేనన్నాడు. వెంకటమునిని ఇంటికి పంపించినాడు.

రోడ్డు మీద బండ్లు తగ్గిపోయినాయి. అంగళ్లు మూసేసినారు. సునీల్ డ్రైవరు సీట్లో కూర్చోని, వొళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకోని, పని మొదలు పెట్టినాడు. పచ్చ గీత ఒకటి కొంచెం కొంచెమే జరగతా ఉండాది. సగానికి వచ్చిందో లేదో...

కరెంటు పోయింది.

బండి బ్యాటరీకి పెట్టిన ఛార్జరు ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోయినా డబ్బా సచ్చినట్టే. సునీల్ ఫోను లైటు వేసుకోని షెడ్డు వెనక్కి పోయినాడు, ఇంకో బ్యాటరీ మోసుకోని వచ్చి జోడించినాడు. మళ్లా సీట్లో కూలబడినాడు. పొద్దున్నించీ పని. ఫోను లైటు ఆర్పేసినాడు.

ఇంజను ముందర ఫ్యాను ఒకసారి గిర్రున తిరిగి ఆగింది. తలుపులు టక్ టక్ మన్నాయి. దానికి వాడు జడవలేదు. డబ్బాకు నేర్పేటప్పుడు బండి అట్లనే నిద్దట్లో ఉలిక్కిపడినట్టు చేస్తాదంట.

అంతలో... పొగ వాసన.

వైరేమన్నా కాలతా ఉండాదేమోనని వంగి సూసినాడు. వైరు కాదు. కట్టె పొగ. కాటి కాడ నించి వచ్చినోళ్ల గుడ్డల్లో ఉంటాదే — ఆ మాదిరి.

చెవులు రిక్కించినాడు. ఊపిరి... వాడిది కాదు. బరువుగా, అలిసిపోయినట్టు... బండి లోపల్నే.

అప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. మనిషి బొమ్మ, ఎదమీద అడ్డంగా బెల్టు. టింగ్... టింగ్... టింగ్... డ్రైవరు కాక ఇంకో మనిషి కూర్చోనుండాడు, బెల్టు పెట్టుకోలేదు అని బండి చెప్పే మాట అది.

పక్కన సూసినాడు. ఎవురూ లేరు.

దెయ్యమొస్తే ఎవురన్నా పరిగెత్తొచ్చు. ప్రోగ్రామింగ్ మధ్యలో వస్తే ఎట్ల పరిగెత్తేది? ల్యాప్‌టాప్ తీసకపోతే వైరు ఊడతాది. వొదిలేసి దిగుదామంటే కాళ్లకు అడ్డంగా వైర్లే. వాడి చెయ్యి దానంతట అదే వైరు మీదికి పోయింది. పీకేస్తే పోతాది... పీకేసి పారిపోతే పోతాది... వెంకటముని మొకం కండ్ల ముందర కనపడతానే ఉండాది. అయినా వేళ్లు బిగుసుకున్నాయి.

చెవి వెనక, మెల్లగా —

"పీకొద్దు... గమ్మున కూర్చో."

చెయ్యి అట్లనే నిలిచిపోయింది. తిరిగి సూసేదానికి మెడ రాలేదు. చెమట కారి ల్యాప్‌టాప్ మీద పడతా ఉంటే తుడుసుకోను గూడా లేదంట. పచ్చ గీత జరగతా, జరగతా, ఆ కొసకు చేరింది. అయిపోయిందని పడింది. తలుపు తోసుకోని దుమికినాడు. చెప్పులు ఆడే, ల్యాప్‌టాప్ ఆడే.

తెల్లారకముందే వెంకటముని వచ్చి, సునీల్‌తో గేటు తీయించి, బండి తాళం తిప్పినాడు. బండి లేసింది. టైముకు లాడ్జి ముందర నిలిచింది. ఇప్పటికీ ఆ లాడ్జికే తిప్పతా ఉండాడు.

ఇదీ సునీల్ చెప్పింది. ఊర్లోవాళ్లు దానికి జుట్టు ఇరబోసినారు, పాదాలు వెనక్కి తిప్పినారు.

అది దెయ్యం కాదు. నేను.

ఆ రేత్రి అంగడి కట్టేసి, షెడ్డు గేటుకు తాళం వేద్దామని పోయినా. సునీల్ కనపల్లేదు, బ్యాటరీ కోసరం వెనక్కి పోయి ఉండాడు. మోకాళ్లు పీకేస్తా ఉండాయి. కారు వెనక సీటు మెత్తగా ఉండాది. వాడొచ్చేదాకా కూర్చుందామనుకుంటే, నిద్దర పట్టేసింది. పొద్దుమాపులూ కట్టెల పొయ్యి ముందర నిలబడేదాని కోకలో పొగ వాసన రాక ఇంకేం వస్తాది? టింగ్ టింగ్ కు మెలకువొచ్చి సూస్తే, వాడి చెయ్యి వైరు మీద ఉండాది. పీకొద్దన్నా. మళ్లా కన్ను మూతబడింది.

వాడు పరిగెత్తినాక దిగినా. చెప్పులు గేటు పక్కన పెట్టి, తాళం వేసి, ఇంటికి పోయి పండుకున్నా. వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పల్ల? దెయ్యం పేరు చెప్పుకోని షెడ్డుకు ఇనుము దొంగలు రావడం మానేసినారు.

నెల పైన అయినాక ఒకనాడు వాడు దోసె తింటా ఉంటే ఊరికే అడిగినా.

"ఆ ఎర్ర లైటు, వెనక సీట్లో ఎవురన్నా కూర్చున్నా వెలగతాదా?"

"లేదుక్కా. ఆ బండికి వెనక సీటు కాడ అట్లాంటిదేం లేదు. ముందర సీటుకే. నా పక్క సీటుకు."

"దాని మీద ఏమన్నా బరువు పెట్టింటావు."

"కాయితం ముక్క గూడా పెట్లేదు. మర్నాడు కంప్యూటర్ పెట్టి సూసినా, సీటు బాగనే ఉండాది. ఆ పొద్దు తప్పితే మళ్లీ ఎప్పుడూ అట్ల వెలగలేదంట, వెంకటముని చెప్పినాడు." ప్లేటు పక్కకు జరిపినాడు. "ఎందుకుక్కా?"

"ఏం లేదు. ఇంకో దోసె ఏసుకో."

ఆ మాపు సునీల్ ఉన్న బండ్లన్నీ అప్పజెప్పేసి ఊరికి పోయినాడు. షెడ్డులో ఒక్క బండీ లేదు. గేటు నేనే వేయల్ల. లోపలికి పోలేదు. చీకట్లోకి సూస్తా నిలబడినా.

"వెంకటముని బండి పోయింది," అన్నా. "టైముకే చేరింది. ఇంక పోయి పండుకో."

తాళం తిప్పి, వెనక్కి మళ్లినా.

లోపల... ఎవురో కారు దిగి తలుపేసినట్టు చప్పుడైంది.