ఖాళీ కావలసిన క్యాన్

"అన్నంలో విషం పెడుతున్నానని మా అన్నయ్య రేపు నా మీద పోలీసు కేసు పెడతాడటండీ," అంది ఆ దర్జీ. కూర్చోమన్నా కూర్చోలేదు. మడిచిన గొడుగు నుంచి కారిన నీళ్ళు చెప్పుల చుట్టూ మడుగు కడుతున్నా గమనించే స్థితిలో లేదు.

డిటెక్టివ్ మేడమ్ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఆయనకి మీరు కాక ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. నాకూ అంతే. కేసు సంగతి దేవుడెరుగు, ఆయన నన్ను వద్దనుకుంటే నాకెవరండీ?"

అన్న రిటైరైన బస్సు కండక్టర్. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. చెల్లెలు రోజూ కుట్టు కొట్టుకు పోతూ గుమ్మంలో క్యారేజీ పెట్టి వెళ్తుంది. కొన్నాళ్ళుగా ఆయనకు తలనొప్పి, వాంతులు, పిక్కలు పట్టేయడం. ఇప్పుడు మతి కూడా తప్పుతోంది. నిన్న ఎదురుపడిన చెల్లెల్ని "ఎవరమ్మా నువ్వు, టిక్కెట్ తీసుకున్నావా?" అని అడిగాడట. ఆ మాట చెబుతూ ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

"విషమే మేడమ్, సందేహం లేదు," అన్నాడు అసిస్టెంట్. మేడమ్ మాట ఆయనకు వేదవాక్కు. ఆయన మాట మాత్రం ఎప్పుడూ ఇంకేదో కేసుకు సరిపోయేది.

ముగ్గురూ వెళ్ళేసరికి కండక్టర్ గదిలో ఒకటే కుర్చీ, అది తలుపు వైపు తిరిగి ఉంది. పక్కన జగ్గు, పెద్ద గ్లాసు. వంటింట్లో పొయ్యి ముట్టించిన జాడ లేదు. గిన్నెలు కడిగే తొట్టి ఎండిపోయి ఉంది. ఒక్క మనిషి కూడా మసలని ఇల్లులా ఉందనిపించింది అసిస్టెంట్‌కు.

మేడమ్ క్యారేజీ మూత తీసింది. సగం కూడా తినలేదు. వేలితో కాస్త రుచి చూసింది. "ఉప్పు అసలు లేదే!"

"బీపీ అని ఆయనే మానేశాడండీ. చిటికెడైనా వేయనివ్వడు," అంది చెల్లెలు.

"డాక్టరు చెప్పారా?"

"డాక్టరెందుకు?" అన్నాడు కండక్టర్. "ఆయన తగ్గిస్తే మంచిదన్నాడు, మానేస్తే ఇంకా మంచిది కదా. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వేసుకున్నాక బాత్‌రూమ్ చుట్టూ ప్రదక్షిణాలే అనుకోండి. కానీ ఇది మాత్ర పని కాదు. ఈవిడ పనే!" అంటూ గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి మళ్ళీ నింపుకున్నాడు.

అప్పుడే మెట్ల మీద అడుగులు వినిపించాయి. నీళ్ళతను భుజాన క్యాన్‌తో లోపలికొచ్చాడు. కండక్టర్ ముఖం వెలిగిపోయింది. "రావయ్యా! ఆయాసం తీర్చుకో. వీధిలో ఏంటి సంగతులు?"

"నీళ్ళలో కలిపేశాడు మేడమ్," అని అసిస్టెంట్ ఆమె చెవిలో ఊదాడు.

ఆమె నీళ్ళతన్ని అడిగింది. "ఈ నీళ్ళు ఇంకెవరు తాగుతారు?"

"వీధి వీధంతా అమ్మా. కింద నలుగురున్న ఇంటికీ ఇవే. వాళ్ళంతా గుండ్రాళ్ళలా ఉన్నారు."

"వాళ్ళకి క్యాన్ ఎన్నాళ్ళొస్తుంది?"

"రెండ్రోజులు. సార్‌కీ అంతే. ఖాళీ అయిందని ఫోన్ చేస్తే తెస్తాను."

మేడమ్ ఎండిన తొట్టి వైపు ఒకసారి చూసి అసిస్టెంట్ వైపు తిరిగింది. "టాక్సీ పిలవండి. ఈయన్ని వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి."

ఆయన తేరుకున్నాక ఆమె అందర్నీ మంచం దగ్గరికి పిలిపించింది. చెల్లెలు మంచం కాళ్ళ వైపు నిలబడింది. నీళ్ళతను గోడకు అతుక్కుపోయాడు.

"విషం ఎవరూ పెట్టలేదు. డాక్టరు రక్తం పరీక్ష చేయించారు, అందులో విషం లేదు, సోడియం మాత్రం బాగా పడిపోయింది," అంది మేడమ్. "మన ఒంట్లో సోడియం, పొటాషియం, కాల్షియం లాంటి లవణాలు కరిగి ఉంటాయి. వాటినే ఎలక్ట్రోలైట్లంటారు. నరం కబురు పంపాలన్నా, కండ కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అవే ఆధారం. ఏ కణంలో ఎంత నీరుండాలో చూసేదీ అవే. ఈయన ఉప్పు పూర్తిగా మానేశారు, తిండి సగం తిన్నారు, మాత్ర వల్ల కొంత సోడియం బయటికి పోయింది. పైగా నలుగురు తాగే నీళ్ళు ఒక్కరే తాగారు. మిగిలిన కాస్త సోడియం పలచబడి, నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బాయి. తలనొప్పి, వాంతులు, తికమక అన్నీ అందుకే."

"ఇంకొన్నాళ్ళు ఆగితే ప్రాణం మీదికొచ్చేది," అన్నాడు డాక్టరు. "మాత్ర మార్చాను. ఉప్పు కొద్దిగా తినాలి. నీళ్ళు మాత్రం నేను చెప్పినంతే తాగాలి."

అసిస్టెంట్ నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఆయన తాగారనే ఎలా తెలిసింది మేడమ్? పారబోసి ఉండొచ్చుగా?"

"తొట్టి ఎండిపోయి ఉంది. మనముండగానే గ్లాసు మీద గ్లాసు తాగారు. ఎందుకనేది మాత్రం ఆయనే చెప్పాలి."

కండక్టర్ దుప్పటి అంచు నలిపాడు. "క్యాన్ ఖాళీ అయితేగాని వీడు రాడు కదమ్మా," అన్నాడు. "రోజుకి వెయ్యి మందితో మాట్లాడిన నోరు నాది. ఇప్పుడు వీడొక్కడే దిక్కు. ఖాళీ కాకుండానే అయిందని అబద్ధమెలా చెప్పను? పారబోద్దామంటే, మూడంతస్తులు మోసుకొచ్చాడు, అది వాడి చెమటని పారబోసినట్టే." డాక్టరు వైపు బెరుగ్గా చూశాడు. "ఇక నుంచి క్యాన్ చాలా రోజులొస్తుందా అండీ?"

నీళ్ళతను తల వంచుకున్నాడు. "నలభై ఇళ్ళు సార్ నాకు. పని లేకుండా అన్ని మెట్లు ఎక్కలేను. ఏమనుకోకండి."

"అనుకోనయ్యా. నీ పొట్టకూడు నీది."

చెల్లెలు ముందుకొచ్చింది. "నేను రోజూ గుమ్మం దాకా వచ్చాను కదా అన్నయ్యా. ఒక్కసారి లోపలికి రమ్మనలేదేం?"

"నీకు కొట్టుకి ఆలస్యమవుతుందని."

"నువ్వు నిద్రలో ఉంటావని నేను తలుపు కొట్టలేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నీ చేతి అన్నాన్ని విషమన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రమ్మననే?"

ఆమె మూలనున్న స్టూలు లాక్కొచ్చి ఆయన తల దగ్గర వేసుకుని కూర్చుంది.

"కొట్టుకి ఆలస్యమవుతుందేమో," అన్నాడాయన.

"కానీలే," అంది చెల్లెలు.