రెండో చప్పుడు

మా దీవిలో ఎవరింటికి వెళ్ళినా తలుపు రెండుసార్లు కొట్టాలి. మొదటి చప్పుడుకి ఎవ్వరూ లేవరు. ఉత్తరాలిచ్చేవాడైనా, చర్చి ఫాదరైనా ఒకసారి కొట్టి, కాస్త ఆగి, మళ్ళీ కొట్టాల్సిందే. చచ్చి తిరిగొచ్చినవాడు ఒక్కసారే కొడతాడు, రెండోసారి కొట్టడం వాడి వల్ల కాదు. తియ్యకపోతే వెళ్ళిపోతాడు. తీస్తే మాత్రం వాడే ఇంటి యజమాని. మా అవ్వ నాకిది చెప్పింది, వాళ్ళవ్వ ఆవిడకి చెప్పింది.

అలాంటి ఊరికి టీవీ వాళ్ళొచ్చారు, రక్తపిశాచి ప్రేమకథ తీస్తారట. వాళ్ళకి మా ఇల్లే కావాలట. నేను ససేమిరా అన్నాను. కానీ హీరోయిన్ వేషం మా ఆంథిది. మా అక్క పోయాక ఆ పిల్లని నేనే పెంచాను. ఏథెన్స్ వెళ్ళి నానా తిప్పలూ పడి తెచ్చుకున్న మొదటి పెద్ద వేషం అది. "పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. ఒప్పుకున్నాను.

కథ విన్నాక ఒళ్ళు మండిపోయింది నాకు. వాడేమో వందల ఏళ్ళనాటి శవం. ఇదేమో నిండా పాతికేళ్ళు లేని పిల్ల. వాడు మెడ కొరుకుతుంటే ఇది కళ్ళు మూసుకుని పరవశించిపోతుందట. దాన్ని ప్రేమంటారట. ఈ సిగ్గుమాలిన కథలు రాసేవాళ్ళ ఇంటి తలుపు ఒక్కనాడైనా ఒక్కసారి మాత్రమే చప్పుడైతే తెలిసొచ్చేది.

నాకు తెలుసు. నా మొగుడు సరాండిస్ బతికున్నన్నాళ్ళూ నన్ను కాల్చుకు తిన్నాడు. ఒక్కనాడు పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఎంతసేపూ "ఏమే" అనే. సముద్రంలో మందుగుండు పేల్చి చేపలు పట్టేవాడు. ముందు కుడిచేతి వేళ్ళు పోయాయి, తర్వాత మనిషే పోయాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చేసరికి ఒంటినిండా పాచి. పూడ్చిపెట్టి నలభయ్యో రోజు ప్రార్థన కూడా కాలేదు, నడిమధ్యాహ్నం తలుపు చప్పుడైంది. మొండి వేళ్ళతో కొట్టినట్టు, మెత్తగా. ఒక్కసారే.

నేను తియ్యలేదు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాడు, నేను తియ్యకుండానే ఉన్నాను. చిన్నప్పుడు ఆంథి నా గౌను అంచు పట్టుకుని ఆ చప్పుడు వినేది. చప్పుడాగాక గట్టిగా ఊపిరి వదిలేది.

షూటింగ్ పట్టపగలే. కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కొట్టి, ముందుగదిలో పొగ వదిలి, రాత్రిని తయారుచేశారు. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల చీకటి. వేడెక్కిన గుడ్డల వాసన, పొగ వాసన, కొవ్వొత్తుల వాసన. నా ఇల్లు నాకే కొత్తగా ఉంది.

సన్నివేశం చిన్నదే. పిశాచి వచ్చి తలుపు కొడతాడు. వాడి మొహం ఇక చూడనని ఒట్టేసుకున్న పిల్ల పరుగున వెళ్ళి తలుపు తీసి, "రా లోపలికి" అంటుంది. పిశాచి వేషం స్ట్రాటిస్ అనే కుర్రాడిది. వాడు గుమ్మం బయట ఎండలో నిలబడితే, మొహానికి పూసిన తెల్లరంగు కరిగిపోకుండా ఒకడు గొడుగు పట్టాడు.

స్ట్రాటిస్ తలుపు కొట్టాడు. ఆంథి కదల్లేదు.

మళ్ళీ తీశారు. గడియ దాకా వెళ్ళింది, చెయ్యి అక్కడే ఆగిపోయింది. రెండో చప్పుడు కోసం చూస్తోంది. మా ఊరి పిల్ల ఎవరైనా అదే చేస్తుంది. దర్శకుడు లూకస్‌కి ఇదంతా ఎక్కడ తెలుస్తుంది? పోనీ రెండుసార్లు కొట్టించు నాయనా అన్నాను. "రెండుసార్లు కొడితే అప్పులవాడు వచ్చినట్టుంటుందమ్మా, ప్రేమికుడు వచ్చినట్టుండదు" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్ళీ తీశారు, మళ్ళీ పాడైంది. చివరికి లూకస్ ఆంథి దగ్గరికి వచ్చి, నవ్వకుండా, ఈ పూట కూడా కాకపోతే రేపటి పడవలో ఇంకో అమ్మాయిని రప్పిస్తానన్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఆంథి నన్ను పక్కకి లాక్కుపోయింది.

"పిన్నీ, నువ్వు మాట్లాడకు. ఈ వేషం పోతే నాకింకేం లేదు."

"మొదటి చప్పుడుకి తియ్యొద్దని నిన్ను పెంచానే."

"అదే... అదే మర్చిపోవాలి నేను."

లూకస్ అందరినీ తిండికి వదిలాడు. పెరట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుని బ్రెడ్డూ ఆలివ్ కాయలూ తింటున్నారు. ఆంథి తినలేదు, చీకటి గదిలో ఒక్కతే ఉండిపోయింది. తన చేత్తో తనే బల్ల మీద ఒకసారి కొట్టుకోవడం, పరుగెత్తి గడియ తియ్యడం, మళ్ళీ వెయ్యడం. టక్. పరుగు. గడియ. టక్. పరుగు. గడియ. వంటింట్లో గిన్నెలు తోముతూ వింటున్నాను. పిల్ల చెయ్యి నేను నేర్పింది మర్చిపోతోంది.

స్ట్రాటిస్ వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళడిగాడు. చల్లటి నీళ్ళిచ్చి, నారింజ తొక్కల పాకం చెంచాతో పెట్టాను. కోరలు ఊడదీసి సాసర్లో పెట్టుకుని తిన్నాడు. మంచి కుర్రాడే. ఆంథి బాగా చేస్తుంది, కంగారు పడకండి పిన్నిగారూ అన్నాడు.

అప్పుడు తలుపు చప్పుడైంది.

బల్ల మీద కాదు. వీధి తలుపు మీద. మెత్తగా... ఒక్కసారే.

స్ట్రాటిస్ నా ఎదురుగానే ఉన్నాడు. వాడి కోరలు సాసర్లోనే ఉన్నాయి. మిగతా అందరి నవ్వులూ పెరట్లోంచి వినిపిస్తున్నాయి.

"ఆంథీ..." అన్నాను.

పరుగు. గడియ. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత మా పిల్ల గొంతు, ఎంతో ముద్దుగా, ఎంతో ప్రేమగా:

"రా లోపలికి."

నేను వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. వీధి నిండా ఎండ. ఆ ఎండ గడప దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేదు. గది నిండా సముద్రపు పాచి వాసన, కాలిన మందు వాసన. ఆంథి నా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది.

"ఎవరే?" అన్నాను.

"ఎవరూ లేరు," అంది. తిరగలేదు.

పెరట్లోంచి లూకస్ పరుగెత్తుకొచ్చాడు. విన్నాడట, అదే కావాలట, ఆ గొంతే కావాలట. అందరినీ కేకేశాడు. ఇక ఆ పూట ఆంథి ఒక్కసారి కూడా తడబడలేదు. కొట్టిందే తడవు తలుపు తీసింది. ఇలాంటి నటి మళ్ళీ దొరకదని లూకస్ మురిసిపోయాడు. ముద్దు సన్నివేశం దగ్గర మాత్రం పెదాలు ఒకసారి తగలగానే స్ట్రాటిస్ వెనక్కి తగ్గాడు. మళ్ళీ పెదాలు కలపకుండానే కెమెరాని మోసం చేసి ముగించాడు. సామాను సర్దుకునేటప్పుడు నా దగ్గరికి వచ్చి, తల దించుకుని అడిగాడు.

"పిన్నిగారూ... ఆంథికి ఒంట్లో బాలేదా? నోరంతా పాచి వాసన. పెదాలు రాయిలా చల్లగా..."

ఎండదెబ్బ అన్నాను.

పొద్దు వాలుతుండగా వాళ్ళు పడవ ఎక్కడానికి మెట్లు దిగారు. ఆంథి ఇంకో వారం నా దగ్గరే ఉండి వెళ్తానని, వాళ్ళని సాగనంపడానికి రేవుకి వెళ్ళింది. గడప దాటేటప్పుడు నా భుజం పట్టుకుంది. నా భుజం మీద వేళ్ళు తక్కువగా తగిలినట్టనిపించింది. చూస్తే చెయ్యి బాగానే ఉంది, వేళ్ళన్నీ ఉన్నాయి. నా మనసే చెడిందనుకున్నాను.

తను అలా దిగగానే తలుపు మూసి గడియ వేశాను. నల్లగుడ్డలన్నీ పీకేశాను. గడప మీద ఉప్పు చల్లాను. పాచి వాసన పోయింది. వాడు వెళ్ళిపోయాడని సంతోషించాను, పిచ్చిదాన్ని. వాడు నా ఇంట్లో లేడని సంతోషించాను గానీ, ఎవరితో కలిసి వెళ్ళాడో ఆలోచించలేదు.

పడవ కూత వినిపించింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు. ఆంథి నడకే, నాకు తెలియదా? తలుపు దగ్గర ఆగాయి.

చప్పుడైంది. మెత్తగా.

లేవబోయి ఆగిపోయాను. ఆంథికి ఊహ తెలిసినప్పటినుంచీ రెండుసార్లు కొట్టకుండా ఈ తలుపు దగ్గర నిలబడలేదు. ఎదురు చూశాను. గడియ మీద చెయ్యి వేసి ఎదురు చూశాను. అవతల ఉన్నది నా పిల్లే అయితే? చీకటి పడుతుంటే గడప బయట నిలబెట్టిన పినతల్లిని నేనే అవుతాను కదా?

"ఇంకోసారి కొట్టు తల్లీ," అన్నాను. "నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి... ఇంకొక్కసారి కొట్టు."

అవతల ఊపిరి వినిపిస్తోంది. గోరు ఒకటి చెక్కని గీకుతోంది, పైనుంచి కిందికి, నెమ్మదిగా.

తర్వాత మాట వినిపించింది. గొంతు ఆంథిదే. నేను పాలు పట్టి, పాటలు నేర్పిన గొంతే.

"ఏమే... తలుపు తియ్యి."