తెల్లగా మిగిలిన పెట్టె

మేడ్చల్‌లోని డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిన ఈదమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలోంచి కొడుకు చొక్కా తీసి బల్ల మీద పెట్టింది.

"నా కొడుకు యాదిమరుపోడు కాదమ్మా. కార్డు బయట వెట్టి లోపలికి వోయిండంటున్రు. పొద్దుగాల నేనే పిన్నీసు వెట్టి తోలిన. సచ్చినోని మీద గీ నింద ఏంది?"

శామీర్‌పేట దాటాక అలియాబాద్ దగ్గర మందుల కోల్డ్ స్టోరేజీ ఉంది. పది రోజుల కిందట తలుపు బిగుసుకుపోయి, అక్కడ పనిచేసే ఆమె కొడుకు భానుప్రకాశ్ ఆ చలిగదిలోనే ప్రాణం వదిలాడు. కార్డు పెట్టుకున్న మనిషి పది నిమిషాలు దాటి లోపల ఉంటే సైరన్ మోగాలి. మోగలేదు. కార్డేమో బయట మేకుకు దొరికింది. చచ్చినవాడు నోరు విప్పడు కదా! తప్పంతా అతని నెత్తిన రుద్దారు.

డిటెక్టివ్ శేషారత్నం చొక్కా అందుకుంది. పెట్టిన పిన్నీసు పెట్టినట్టే ఉంది. దానికి కార్డు తాలూకు నీలం రిబ్బను పీలిక వేలాడుతోంది.

"చూశావా, అమూల్యా?"

అమూల్య చూసింది గానీ ఏం చూడాలో తెలియలేదు. ఆవిడ దగ్గర అసిస్టెంటుగా చేరి ఆరేళ్లయినా ఇదే వరస.

ఇద్దరూ కోల్డ్ స్టోరేజీకి వెళ్లారు. అక్కడి ఆఫీసు గోడకు రెండు డయాగ్రమ్‌లు అంటించి ఉన్నాయి. ఒకటి తలుపుది, ఒకటి సైరన్‌ది. ఆ బొమ్మల్ని బట్టే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. రెండింటిలోనూ 'లోపలి మనిషి' అని పేరు రాసిన చదరపు పెట్టె గీసి ఉంది. తలుపు బొమ్మలో పసుపు, సైరన్ బొమ్మలో తెలుపు.

"ఈ పసుపేమిటండీ?" అడిగింది శేషారత్నం.

"మనిషి ప్రాణంతో పనున్న పెట్టెలకు పోయిన నెల పసుపు వేశామండీ," అన్నాడు మేనేజరు దీక్షిత్. "ఒకచోట మారిస్తే చాలు, అదే పెట్టె వాడిన ప్రతి బొమ్మలోనూ మారిపోతుంది."

"శవాన్ని ముందు చూసిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు సుజిత్. ఆ బొమ్మలు గీసేది అతనే. భానుప్రకాశ్ అన్నం డబ్బాలో రోజూ చెయ్యి పెట్టి తిన్నవాడు, అంత్యక్రియల్లో ఈదమ్మను పడిపోకుండా పట్టుకున్నవాడు. పాపం, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. అమూల్యకు జాలేసింది.

మర్నాడు శేషారత్నం ఈదమ్మతో సహా అందరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"దీక్షిత్ గారూ, ఆ పసుపు పెట్టె ఇంకే బొమ్మల్లో ఉందో వెతికించండి."

తెర మీద ఒక్క పేరే వచ్చింది. తలుపు. సైరన్ లేదు.

"పేరొకటే, పెట్టెలు రెండు," అందామె. "మనిషి లోపలికి వెళ్లాడని తలుపుకు తెలుసు. సైరన్‌కు ఆ కబురే అందదు. రంగూ అందుకే అందలేదు. సైరన్‌ను విడిగా మోగించి చూసి సరిపెట్టుకున్నారు. ఇప్పుడు తెల్ల పెట్టె ఎవరు గీశారో చూడండి."

సుజిత్ పేరు వచ్చింది.

"ఉన్న పెట్టెనే తెచ్చి కలపాల్సింది. తొందరలో కొత్తది గీసి అదే పేరు పెట్టావు. అది పొరపాటు. తలుపు తీసి అతణ్ణి చూడగానే నీకు సంగతి తెలిసిపోయింది. కార్డు లేకే సైరన్ మోగలేదని అందరూ అనుకోవాలని, దాన్ని లాగి మేకుకు తగిలించావు. భానుప్రకాశే తీసి ఉంటే పిన్నీసు విప్పేవాడు, రిబ్బను తెంపేవాడు కాదు. అది పొరపాటు కాదు, సుజిత్."

"భయమేసిందండీ," అంటూ అతను ఈదమ్మ కాళ్ల మీద పడ్డాడు. దీక్షిత్ పోలీసులకు ఫోన్ చేశాడు.

ఈదమ్మ తిడుతుందనుకుంది అమూల్య. ఆమె తిట్టలేదు.

"బొమ్మ గీసుట్ల తప్పయింది, సరే. నా చేతి బువ్వ తిన్నవు గద బిడ్డా, వాని పేరెందుకు ఖరాబ్ జేసినవ్?"

తర్వాత కార్డు అడిగి తీసుకుంది. చొక్కా ఒళ్లో పరుచుకుని, అదే పిన్నీసుతో అదే చోట పెట్టింది.

"ఆ పొద్దు గిట్లనే వెట్టిన," అంది.

అమూల్య ఏడుపు ఆపుకోలేక శేషారత్నం వైపు తిరిగింది. ఆ రోజు ఆవిడ 'చూశావా' అనలేదు.